చేపల పడవకు రెండవ బ్యాటరీ

1996 మార్చి 9వ తేదీ రాత్రి. బెంగుళూరులో భారత, పాకిస్తాను జట్ల మధ్య ప్రపంచ కప్పు క్రికెట్టు క్వార్టర్ ఫైనల్ పోటీ జరుగుతున్నది. చోడవరంలో మా ఇంటి వసారా నిండా జనం. ఆట సరిగ్గా రసపట్టులో పడిన వేళకు కరెంటు పోయింది. మా చిన్నాన్న ఒక్క క్షణం కూడ ఆలోచించలేదు. పెరటిలో నిలిపి ఉన్న ట్రాక్టరు నుండి బ్యాటరీ విప్పి తెచ్చి చిన్న నలుపు తెలుపు టెలివిజనుకు తగిలించాడు. బొమ్మ వచ్చింది. మనవాళ్ళు 39 పరుగుల తేడాతో గెలిచారు. అదే బ్యాటరీతో దీపం కూడ వెలిగించుకొని అర్ధరాత్రి దాటేవరకు సంబరం చేసుకొన్నాము.

తెల్లవారింది. అవి చెరకు నరికే రోజులు. ఫ్యాక్టరీకి పోవలసిన చెరకు ముందునాటి సాయంకాలమే ట్రాక్టరు తొట్టిలోకి ఎక్కి సిద్ధంగా ఉన్నది. బ్యాటరీని యథాస్థానంలో బిగించి తాళం తిప్పితే ట్రాక్టరు ఒక్క మూలుగు మూలిగి ఊరుకొన్నది. నరికిన చెరకు ఎండలో నిలిచిన కొద్దీ బరువూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. ఊరిలో ఇంకొక బ్యాటరీ వెదికి తెచ్చేసరికి మధ్యాహ్నమయింది. అంతవరకూ అరుగు మీద మౌనంగా కూర్చున్న మా తాతగారు చిన్నాన్నను పిలిచి ఒక్కటే మాట అడిగారు: "ఏరా, బండి లాగవలసిన ఎద్దును రాత్రంతా గానుగకు కట్టి, తెల్లవారి లేవలేదంటే తప్పు ఎద్దుదా?"

తరువాత కళాశాలలో విద్యుత్తును గూర్చి కొంత చదువుకొన్నాను. కాని బ్యాటరీని గూర్చి ఇంతకంటె పనికివచ్చే మాట నాకు తటస్థపడలేదు. నేడు ఆ మాటనే, బ్యాటరీ మోటారుతో నడిచే చిన్న చేపల పడవకు అన్వయించి చెప్పదలచాను.

చోడవరం సముద్రపు ఒడ్డున లేదు. మొన్నమొన్నటివరకు విశాఖపట్నం జిల్లాలోనూ, 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలోనూ ఉన్న ఈ ఊరు చెరకుకూ బెల్లానికీ ప్రసిద్ధమైన నేలలో ఉన్నది. అయినా చేపల వేట మనకు పరాయిది కాదు. దేవరాపల్లి దగ్గర రైవాడ, చీడికాడ వైపు కోనాం, రావికమతం వైపు కళ్యాణపులోవ, మాడుగుల వైపు పెద్దేరు, ఇన్ని జలాశయాలు మన చుట్టూ ఉన్నవి. వీటిలో రైవాడ నీరు పొలాలకే కాక విశాఖపట్నం నగరానికి త్రాగునీరుగా కూడ పోతున్నది. పదిమంది త్రాగే నీటి మీద పెట్రోలు ఇంజను నడిపితే చమురు తెట్టె ఎవరి కుండలోకి పోతుందో వేరే చెప్పనక్కరలేదు. బ్యాటరీ మోటారుకు పొగ లేదు, చమురు లేదు, చప్పుడు తక్కువ. ఇటువంటి జలాశయాలకు అది తగిన సాధనం.

ఇది నిన్న మొన్నటి ఊహ కూడ కాదు. 1838లోనే యాకోబీ అనే శాస్త్రజ్ఞుడు రష్యాలో నీవా నది మీద బ్యాటరీలతో పడవ నడిపి చూపించాడు. అప్పటికి మళ్ళీ మళ్ళీ నింపుకోదగిన సీసపు బ్యాటరీ పుట్టనే లేదు. దానిని 1859లో ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. 1881లో ట్రూవే అనే మరొక ఫ్రెంచివాడు పడవ వెనుక తగిలించి తీయగల విద్యుత్తు మోటారును పారిస్ నగరంలో సేన్ నది మీద నడిపాడు. మన దేశంలో, కేరళలోని వైక్కం, తవణక్కడవు రేవుల మధ్య 2017 జనవరి నుండి 'ఆదిత్య' అనే 75 మంది ప్రయాణికుల పడవ సూర్యరశ్మి ఇచ్చే విద్యుత్తుతో నడిచింది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థవారు జలాశయాల వేటకు సౌరశక్తితో నడిచే ఫైబరు పడవను రూపొందించారు. ఆ సంస్థకు విశాఖపట్నంలో కూడ పరిశోధన కేంద్రం ఉన్నది.

పడవకు మోటారు కుదిరింది. బ్యాటరీ కుదిరింది. ఇక మనిషికి సహజంగా పుట్టే ఆలోచన ఒకటి ఉన్నది. "ఇంత పెద్ద బ్యాటరీ ఉన్నది కదా, ఒక దీపం, ఒక రేడియో, చేపల జాడ చూపే యంత్రం, దారి చూపే జి.పి.ఎస్., ఫోను చార్జరు, అన్నీ దీనికే తగిలిస్తే పోదా?" అని. పైకి చూస్తే ఇందులో తప్పేమీ కనబడదు. చిన్న పడవ మోటారు పూర్తి వేగంతో నడిచేటప్పుడు 12 వోల్టుల మీద 30 మొదలు 50 ఆంపియర్ల వరకు తీసుకొంటుంది. ఈ చిల్లర సాధనాలన్నీ కలిసినా ఒకటిన్నర, రెండు ఆంపియర్లకు మించవు. ఏనుగు త్రాగే మడుగులో చీమ త్రాగితే మడుగు తరుగుతుందా?

చీమ వలన ఏనుగుకు వచ్చే నష్టం తక్కువే. ఏనుగు వలన చీమకు వచ్చే నష్టమే మనం ఆలోచించవలసినది. అది మూడు విధాలు.

మొదటిది. మోటారు ఒక్కసారి పూర్తి వేగం అందుకొనేటప్పుడు బ్యాటరీ వోల్టేజి హఠాత్తుగా జారిపోతుంది. కొంత వాడిన బ్యాటరీ అయితే 12 వోల్టుల నుండి 11కు, అంతకంటె క్రిందికి కూడ పడిపోవచ్చు. ఆ దెబ్బకు జి.పి.ఎస్. వంటి సాధనాలు ఆరిపోయి మళ్ళీ మొదటినుండి లేస్తవి. గాలికి ఎదురుగా మోటారును గట్టిగా నడపవలసిన సమయమే దారి తెలియవలసిన సమయం కూడ. సరిగ్గా అప్పుడే దారి చూపేది కళ్ళు మూసుకొంటుంది.

రెండవది మా వృత్తికి సంబంధించినది. ఈనాటి మోటారుల వేగాన్ని అదుపు చేసే పెట్టె, విద్యుత్తును సెకనుకు వేలసార్లు తెంచి కలిపి పని చేస్తుంది. ఆ తెంపులు తీగలవెంట పాకి రేడియోలో గరగరమని వినబడతవి. మీడియం వేవ్ మీద మరీ ఎక్కువ. చవకరకం ఫోను చార్జర్లు కూడ ఇదే అల్లరి చేస్తవి. మేము ఇక్కడ స్పష్టంగా చదివిన వాతావరణ సూచన అక్కడ తేనెటీగల తుట్టెలో నుండి వచ్చినట్టు వినబడుతుంది. రేడియోకు వేరే బ్యాటరీ ఉంటే, దాని తీగలు మోటారు తీగలకు ఎడంగా పోతే, ఈ గోల చాలవరకు తగ్గుతుంది. ఆ మీదట కూడ మిగిలితే పైసా ఖర్చు లేని ఉపాయం ఒకటి ఉన్నది. వాతావరణ సూచన చదివే అయిదు నిమిషాలూ మోటారు ఆపివేయండి.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. మోటారు బ్యాటరీ అయిపోయిననాడు పడవ ఆగిపోతుంది. ఆగిపోయిన పడవకు దీపం కావాలి, ఒడ్డుకు కబురు కావాలి. ఒకే బ్యాటరీ అయితే పడవా, దీపమూ, కబురూ ఒక్క క్షణంలోనే పోతవి. కాలు విరిగినవాడికి గొంతు కూడ పోయినట్టు.

పెద్ద బ్యాటరీ అంత తొందరగా అయిపోతుందా అని మీరు అడగవచ్చును. బ్యాటరీ మీద 100 ఆంపియర్ గంటలు అని వ్రాసి ఉంటుంది. 50 ఆంపియర్లు తీసే మోటారు రెండు గంటలు నడవాలి కదా అని లెక్క. కాని ఆ 100 అనే అంకె, సాధారణంగా 20 గంటలపాటు మెల్లగా, అంటే 5 ఆంపియర్ల చొప్పున తీసినప్పుడు వచ్చే ఫలితం. తొందరపెట్టి తీస్తే సీసపు బ్యాటరీ అంత ఇవ్వదు. 50 ఆంపియర్ల చొప్పున తీస్తే గంటకు కొంచెం పైన నడిస్తే నడిచినట్టు. పోనీ, అది సగం వాడగానే ఆపితేనే బ్యాటరీకి ఆయుర్దాయం. కనుక వెళ్ళేటప్పుడే తిరుగు ప్రయాణం లెక్క వేసుకోవాలి. ఒక మంచి సంగతి కూడ ఉన్నది. నిలకడ నీటిలో వేగం సగానికి తగ్గిస్తే మోటారుకు కావలసిన శక్తి సుమారు ఎనిమిదవ వంతుకు తగ్గుతుంది. ప్రయాణానికి రెండింతల కాలం పట్టినా, అదే దూరానికి ఖర్చు నాలుగవ వంతే. బ్యాటరీ నీరసించినదని తెలిసినప్పుడు తొందరపడినవాడు నడినీట ఆగిపోతాడు. నిదానించినవాడు ఇల్లు చేరుతాడు.

ఇక రెండవ బ్యాటరీ ఎంత ఉండాలి? ఊహించనక్కరలేదు, కాగితం మీద కూడిక వేస్తే చాలు. పది గంటల రాత్రి వేట అనుకొందాము. జలాశయంలో వైర్‌లెస్ అవసరం ఉండదు గాని, సముద్రపు లెక్కే వేద్దాము. పెద్ద లెక్కలో చిన్నది ఇమిడిపోతుంది. 6 వాట్ల ఎల్.ఇ.డి. దీపం అర ఆంపియరు చొప్పున 10 గంటలకు 5 ఆంపియర్ గంటలు. చేపల జాడ చూపే యంత్రం అర ఆంపియరు చొప్పున 6 గంటలకు 3. వైర్‌లెస్ సెట్టు వింటూ ఉండటానికి 4. మాట్లాడేటప్పుడు అదే సెట్టు 5 ఆంపియర్లు తీసుకొంటుంది కనుక, రాత్రి మొత్తం మీద 12 నిమిషాలు మాట్లాడితే 1. రెండు ఫోన్లు నింపడానికి రెండున్నర. మొత్తం పదిహేనున్నర. సీసపు బ్యాటరీని సగానికి మించి వాడరాదు కనుక 35 లేక 40 ఆంపియర్ గంటల బ్యాటరీ కావాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే 20 ఆంపియర్ గంటలది సరిపోతుంది.

ఈ రెండు రకాల స్వభావాలలో ఒక భేదం ఉన్నది. సీసపు బ్యాటరీ ముసలి పాలేరు వంటిది. ఓపిక తగ్గుతుంటే ముందే దగ్గుతుంది, దీపం మసకబారుతుంది. వాడకుండా కాసేపు నిలిపి వోల్టుమీటరు పెడితే 12.7 చూపితే నిండుగా ఉన్నది, 12.2 చూపితే సగమైనది అని పోల్చుకోవచ్చును. లిథియం బ్యాటరీ తేలికైనది, చాలాకాలం మన్నుతుంది. కాని అది చివరివరకు ఒకే ముఖంతో పని చేసి, లోపలి రక్షణ యంత్రం చెప్పిన క్షణాన చెప్పకుండా మానివేస్తుంది. దానికి వోల్టుమీటరు చాలదు. ఎంత వాడినదీ లెక్కపెట్టే మీటరు కావాలి. దాని చార్జరు కూడ దానికి తగినదే ఉండాలి.

బ్యాటరీ ఎంత మంచిదైనా తీగ సన్నమైతే ఫలం లేదు. పడవ వెనుక నుండి ముందుకు 5 మీటర్ల దూరం అనుకొందాము. పోనురాను 10 మీటర్ల తీగ. మూడు పాతిక చదరపు మిల్లీమీటర్ల సన్న రాగి తీగ వేసి 5 ఆంపియర్లు పంపితే ఒక వోల్టుకు పైగా దారిలోనే హరించిపోతుంది. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే పోయేది వోల్టులో మూడవ వంతు మాత్రమే. తీగలో మిగిల్చిన రూపాయలు వైర్‌లెస్ గొంతులో తరుగుతవి.

ఫ్యూజును మరువరాదు. బ్యాటరీ ధనధ్రువానికి జానెడు దూరంలోపల ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు సాధనాన్ని కాపాడటానికని చాలామంది అనుకొంటారు. నిజానికి అది కాపాడేది తీగను, తీగద్వారా పడవను. తడిసి, రాపిడికి తోలు ఊడిన తీగ కలుసుకొంటే నిప్పు పుడుతుంది. నడినీటిలో నిప్పు పుడితే పరుగెత్తడానికి చోటు లేదు.

24 వోల్టుల మోటారు ఉన్న పడవలలో ఇంకొక పొరపాటు జరుగుతూ ఉంటుంది. 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిపి ఉంటవి. వాటిలో ఒకదానికి మాత్రమే దీపమూ, రేడియో తగిలిస్తారు. ఒక కాడికి కట్టిన జత ఎద్దులలో ఒకదానికి మాత్రమే అదనపు పని చెప్పినట్టు ఇది. ఆ బ్యాటరీ ఎక్కువగా ఖాళీ అవుతుంది. చార్జి చేసేటప్పుడు అది పూర్తిగా నిండకముందే రెండవది అతిగా నిండుతుంది. కొద్దికాలానికి రెండూ చెడుతవి. వేరే బ్యాటరీ పెట్టడానికి వీలులేకపోతే, 24 వోల్టులను 12కు దింపే కన్వర్టరును రెండు బ్యాటరీల మీదా కలిపి పెట్టాలి. అయితే అప్పుడు కూడ, మోటారు బ్యాటరీ అయిపోతే అన్నీ అయిపోతవన్న చిక్కు మిగిలే ఉంటుంది.

దిక్సూచి వాడేవారికి ఒక మాట. 40 ఆంపియర్లు పారే ఒంటి తీగ దిక్సూచికి అడుగు దూరంలో పోతే, దాని అయస్కాంత బలం భూమి అయస్కాంత బలంతో పోటీ పడుతుంది. ముల్లు ఉత్తరాన్ని విడిచి మోటారు వైపు చూస్తుంది. పోయే తీగనూ వచ్చే తీగనూ జడ వలె పెనవేస్తే ఒకదాని బలం మరొకటి హరించి ఈ దోషం పోతుంది.

చిన్న బ్యాటరీని నింపడానికి సూర్యుడే చాలు. 50 వాట్ల సోలారు పలక మబ్బులేని రోజున 12 మొదలు 15 ఆంపియర్ గంటలు ఇస్తుంది. మనం ఇందాక వేసిన రాత్రి ఖర్చుకు అది ఇంచుమించు సమానం. పలకకూ బ్యాటరీకీ మధ్య చార్జిని అదుపు చేసే సాధనం ఉండాలి. సీసపు బ్యాటరీ నిండేటప్పుడు మండే వాయువు వెలువడుతుంది కనుక గాలి ఆడే చోట పెట్టాలి, దగ్గర బీడీ కాల్చరాదు. ఉప్పునీరు అందులో పడితే విషవాయువు పుడుతుంది కనుక మూతగల పెట్టెలో ఉంచి కదలకుండా కట్టాలి.

రైవాడ నుండి బయలుదేరిన శారదా నది అనకాపల్లి మీదుగా పోయి రాంబిల్లి వైపు సముద్రంలో కలుస్తుంది. మన మాట కూడ ఆ నది వెంట సముద్రందాకా పోవలసి ఉన్నది. పూడిమడక వంటి తీరగ్రామాలలో ఫైబరు తెప్పలు చమురు మోటారులతో నడుస్తవి. దూరపు వేటకు చిన్న బ్యాటరీ పడవ ఇంకా చాలదు. అయినా దీపానికి, జి.పి.ఎస్.కు, వైర్‌లెస్‌కు వారికి కావలసినది ఈ చిన్న బ్యాటరీయే. జలాశయంలో అది ఆరిపోతే ఒక రాత్రి జాగారం. సముద్రంలో ఆరిపోతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. కరెంటు స్తంభాలు కూలినవి, ఫోను స్తంభాలు మూగపోయినవి. ఆ ముందు రోజులలో మేము హెచ్చరికలు చదివాము. చదువుతున్నంతసేపూ నా మనసులో ఒకటే ప్రశ్న. మా ప్రసార యంత్రానికి ఎంత బలమున్నా, అవతల మాట అందుకొనే సెట్టులో ప్రాణం ఉన్నదా? హెచ్చరికకు సగం బలం చెప్పేవారిది. మిగిలిన సగం వినేవారి బ్యాటరీది.

ఇప్పుడు హెచ్చరిక పంపే మార్గాలు పెరిగినవి. హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రంవారి సూచనలను ఉపగ్రహం ద్వారా అందుకొనే 'జెమిని' అనే సాధనం 2019 అక్టోబరులో వచ్చింది. అది అందుకొన్న సందేశం చివరకు చేరేది జాలరి చేతి ఫోనుకే. ఫోను ఆరిపోతే ఉపగ్రహం చెప్పిన మాట నీటిపాలు. ఆపదలో మీట నొక్కితే ఉపగ్రహానికి సంకేతం పంపే సాధనాన్ని భారత అంతరిక్ష పరిశోధన సంస్థ ఏనాడో తయారుచేసింది. దానిని తీర్చిదిద్దినవారు పడవ బ్యాటరీని నమ్ముకొనలేదు. దాని బ్యాటరీని దానిలోనే పెట్టారు. మా తాతగారి మాటను వారు విన్నారా అనిపిస్తుంది. 2024లో వెలువడిన రెండవ తరం సాధనంలో ఒడ్డు నుండి తిరుగు సమాధానం కూడ వస్తుంది. వైర్‌లెస్ ఉన్నవారు ఆపద పిలుపులకు 16వ చానెలును, ఫోను అందే చోట ఉన్నవారు తీర రక్షక దళం వారి 1554 నంబరును జ్ఞాపకం ఉంచుకోవాలి. ఆ పిలుపుకు కావలసిన నాలుగు ఆంపియర్ గంటలు ఎప్పుడూ మిగిల్చి ఉంచాలి. అది ఖర్చు లెక్కలో వేయరాని ధనం.

పడవ నీటిలో దింపేముందు సాయంకాలం అయిదు నిమిషాలు కేటాయించండి. రెండు బ్యాటరీల మీటర్లు చూడండి. తీగల కొసలు పచ్చబారితే గీకి శుభ్రపరచి, గ్రీజు పూయండి. ఒకటి అదనపు ఫ్యూజు జేబులో వేసుకోండి. వైర్‌లెస్‌లో ఒక మాట మాట్లాడి బదులు వినండి. ఒడ్డున నిలబడిన ఇంటివారికి తిరిగి వచ్చే వేళ చెప్పి బయలుదేరండి.

మా తాతగారు ఎన్నడూ పడవ ఎక్కలేదు. ఆంపియర్ గంటలంటే ఆయనకు తెలియదు. ఆ సంవత్సరమే మా ఇంటిలో టెలివిజను కోసం పాత బ్యాటరీ ఒకటి వేరే కొన్నారు. దాని మీద చిన్నాన్న సుద్దముక్కతో 'గానుగ ఎద్దు' అని వ్రాశాడు. ట్రాక్టరు బ్యాటరీ మీద 'బండి ఎద్దు' అని వ్రాశాడు. మళ్ళీ ఎన్నడూ మా చెరకు ఎండలో నిలవలేదు. మీ పడవలోని రెండు బ్యాటరీలకూ అటువంటి పేర్లు పెట్టుకొంటే, చీకటిలో ఏ స్విచ్చి దేనిదో వెదుక్కొనే పని కూడ తప్పుతుంది.